ఉబిన్ గుండు కింది మట్టి

నేను చదువుకున్నది రాళ్ళ గురించి. నాకు తిండి పెట్టింది మాత్రం కోబాల్ అనే కంప్యూటర్ భాష. తొంభైల చివర్లో మా వైపు భూగర్భశాస్త్రం చదివినవాడు, జంతుశాస్త్రం చదివినవాడు, ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పేవాడు, అందరూ ఒకే గదిలో ఇరుక్కుని కూర్చుని కొన్ని నెలల్లో ప్రోగ్రామర్లైపోయారు. కంప్యూటర్లను రెండువేల సంవత్సరం గండం దాటించడానికి ప్రపంచానికి మనుషులు కావలసి వచ్చారు. అలా భార్యతో, చిన్నపిల్ల అయిన కూతురితో సింగపూర్ వచ్చి బుకిట్ పంజాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో దిగాను.

గండం గడిచింది. ఆ తర్వాత అమెరికాలో కంపెనీలు మూతపడుతున్న వార్తలు మా ఆఫీసు దాకా వచ్చాయి. కాంట్రాక్టు పొడిగిస్తారా, సామాన్లు సర్దుకోమంటారా? మా వాళ్ళు నలుగురు కలిస్తే ఇదొక్కటే మాట. హాకర్ సెంటర్‌లో టీ తాగుతున్నా ఇదే, పిల్లల పుట్టినరోజు కేకు కోస్తున్నా ఇదే.

అలాంటి రోజుల్లో ఒక గుండు దేవుడయింది.

మా టీమ్‌లో వరంగల్ వైపు యువకుడొకడు సెలవురోజున పులావ్ ఉబిన్ దీవికి వెళ్ళి, సైకిలు మీద తిరుగుతూ ఒక వాలు మీద పెద్ద గ్రానైటు గుండును చూశాడు. దాని ముఖాన నిలువుగా మూడు గాడులున్నాయి. పక్కవి రెండూ తెల్లగా, నడిమిది ఎర్రగా. ఇంకేం కావాలి? సైకిలు దిగి చేతులు జోడించాడు. ఆ వారంలోనే అతని కాంట్రాక్టు పొడిగించారు. నెల తిరగకుండా ఆదివారం ఆదివారం తెలుగు కుటుంబాలు పడవెక్కడం మొదలుపెట్టాయి. కోరిక కోరేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. ఆ లెక్క కూడా ఊరి నుంచి సూట్‌కేసుల్లో మాతోపాటే వచ్చింది. ‘కాంట్రాక్టు స్వామి’ అని నేను ఎగతాళికి పేరు పెడితే, రెండు వారాల్లో వాళ్ళే భక్తిగా ఆ పేరుతో పిలవసాగారు.

నేను హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. మా పట్నంలో ఆదివారం సాయంత్రాలు పండితులను పిలిచి వాదించేవాళ్ళం. వాళ్ళతో వాదించాలంటే వాళ్ళ పుస్తకాలు వాళ్ళకంటే బాగా రావాలన్నది మా పెద్దల పట్టుదల. అందుకని పూజావిధానాలు, వ్రతకథలు, స్తోత్రాలు కంఠతా పట్టాను, నిలదీయడానికి. నా పెళ్ళి కూడా పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని చేసుకున్నదే. ఇక ఆ గుండును చూడకుండా ఎలా ఉంటాను? చూడటానికే కాదు, నాలుగు మాటలు అనడానికి కూడా వెళ్ళాను.

చాంగి దగ్గర పన్నెండుమంది నిండితే గానీ కదలని చెక్కపడవ. దిగాక ఎర్రమట్టి దారి, రెండువైపులా అడవి. గుండు దగ్గరికి చేరేసరికి మావాళ్ళు అప్పటికే పసుపూ కుంకుమా అద్దేశారు. ఇద్దరు మనుషుల ఎత్తుంది. మా అమ్మాయి తల పైకెత్తి చూసి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అడిగింది.

“నాన్నా, హూ డ్రా వన్?”

“నీళ్ళు గీశాయమ్మా.”

“నో లా! వాటర్ కెనాట్ డ్రా.”

గీస్తాయి. పైన చెట్టుంది. రాతి నెత్తిన నాచుంది. కుళ్ళిన ఆకుల మీంచి కారే వాననీటికి కాస్త పులుపు పడుతుంది. ఆ నీళ్ళు దిగిన దారినే మళ్ళీ మళ్ళీ దిగుతాయి. గ్రానైటులో ఫెల్స్పార్ అనే తెల్లటి ఖనిజం ఉంటుంది. ఆ పులుపు దాన్ని మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది, పట్టు వదిలిన ఇసకరేణువు రాలిపోతుంది. వేల ఏళ్ళు అలా జరిగితే గాడి. రాతిలోని ఇనుము తుప్పుపడితే ఎరుపు. నేను ఇదంతా మా అమ్మాయికి చెబుతున్నట్టుగా అందరికీ వినిపించేలా చెప్పాను. ఒకామె చెంపలేసుకుంది. ఇంకొకాయన, “అయితే ఆ నీళ్ళకు నామాలు గీయమని ఎవరు చెప్పారంటారు?” అన్నాడు. అందరూ నవ్వారు. నేను జవాబు వెతుక్కుంటూ గుండు చుట్టూ ఒకసారి తిరిగాను. మావాళ్ళు అదీ ప్రదక్షిణ కిందే జమకట్టి ఉంటారు.

వెనకవైపు, వాలు పైభాగాన, జవాబు సంగతే మరిచిపోయాను.

గుండుకూ నేలకూ మధ్య నెలవంకలా చీలిక ఉంది. వేళ్ళు పెడితే దూరాయి. కింద చూశాను. గుండు కూర్చున్నది బండ మీద కాదు. చూడటానికి రాయిలాగే ఉంది. గింజలూ మచ్చలూ అన్నీ గ్రానైటువే. చేత్తో గీరితే రవ్వలడ్డులా పొడైపోయింది. వేడీ వానా విడవకుండా ఉండే ఈ దేశంలో నీళ్ళు నెర్రెల వెంట భూమిలోకి దిగి, లోపలే రాతిని కుళ్ళబెడతాయి. నీళ్ళలో వేసిన పటికబెల్లం ముక్కకు మూలలు ముందు కరిగి గుండ్రమైనట్టు, నెర్రెల మధ్య చిక్కిన దిమ్మెలు మూలలు పోయి గుండ్లవుతాయి. చుట్టూ రాయంతా గరుసుమట్టి అయిపోయాక నడుమ గట్టి గుండు మిగులుతుంది. మట్టి కొట్టుకుపోయే కొద్దీ అది బయటపడుతుంది, ఆ మట్టే ఆధారంగా కూర్చుని ఉంటుంది.

ఆ ఆధారాన్ని మావాళ్ళు వారంవారం కాళ్ళతో తొక్కుతున్నారు. ప్రదక్షిణల దారి అప్పుడే గాడిపడింది. పైనుంచి బిందెలతో అభిషేకం. పోసిన నీళ్ళు గుండు అడుగు నుంచే ఎర్రగా పాయ కట్టి పారుతున్నాయి. ఆ పాయ ఆగేచోట, వాలు కింద నీడగా ఒక పల్లం ఉంది. చాపలు పరిచి పులిహోర పెట్టేది అక్కడే. పిల్లలు ఆడుకునేదీ అక్కడే.

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు.

డిసెంబరు వానలు పట్టుకున్నాయి. ఆఫీసు కిటికీలోంచి ఎదుటి భవనం కనిపించనంత వాన. తెర మీద ప్రోగ్రాం ఉంటే నా కళ్ళకు ఆ చీలిక కనిపించేది. ఎంత వెడల్పయి ఉంటుంది? కాంట్రాక్టు సంగతి ఇంకా తేలలేదు. అది కూడా గుర్తొచ్చేది కాదు. దీవిని చూసుకునే ఆఫీసుకు ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి పెట్టేసేవాణ్ణి. ఫిర్యాదు చేస్తే ముందు జరిమానా పడేది పసుపు పూసి కర్పూరం వెలిగించిన మావాళ్ళకే. ఉద్యోగాలు దారం మీద వేలాడుతున్న మనుషుల పేర్లు సర్కారు వాళ్ళకు నేనెలా ఇస్తాను?

అంతలో ఇంట్లోనే పిడుగు పడింది. మా ఆవిడ ఆదివారం ఉబిన్ వెళ్తానంది. నా కాంట్రాక్టు కోసం పదకొండు ప్రదక్షిణలు మొక్కుకుందట.

“ఆ గుండు పడుతుంది. వద్దు,” అన్నాను.

“దండల పెండ్లి అంటే సరేనంటి. ఇంట్లో దేవుని పటం వద్దంటే సరేనంటి. ఒక్కటి నా ఇష్టానికి చేస్తానంటే గుండు పడుతుందంటావా?”

“నిజంగానే పడుతుంది.”

“నువ్వు రాయి మీద అంటాండావా, దేవుని మీద అంటాండావా? నాకైతే తెలీడం లేదు. నీకన్నా తెలుసునా?”

నాకు తెలుసు. రెండూ ఒకటే వాదన. కళ్ళు తెరిచి కింద ఏముందో చూడమన్నదే రెండింటికీ మూలం. ఈ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆమెకు అప్పుడు వినిపించింది ఇన్నేళ్ళుగా విన్న గొంతే. ఆ గొంతుతో నేను ప్రమాదం గురించి చెప్పినా, పంచాంగం గురించి చెప్పినా ఒకేలా ఉంటుంది మరి.

శనివారం హౌగాంగ్‌లో ఒక అంకుల్ ఇంట్లో భోజనాలు. గోదావరి జిల్లా మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మా అందరికంటే చాలా ముందు వచ్చి స్థిరపడ్డాడు. ఉబిన్ యాత్రలకు ఆయనే పెద్దదిక్కు. పెరుగన్నం దాకా ఆగి విషయం ఎత్తాను.

“అంకుల్, రేపు వద్దు. వారం నుంచి వాన.”

“వానకి స్వామికేం జలుబు చెయ్యదులేవయ్యా.”

“స్వామికి కాదు. ఆయన కింద మట్టికి.”

“మొన్న నామాలు నీళ్ళు గీశాయన్నావు. ఇవాళ మట్టి జారిపోద్దంటున్నావు. కోబాల్ రాసుకునేవాడివి, నీకెందుకయ్యా ఇయ్యన్నీ?”

“నేను రాళ్ళ మీదే ఎమ్మెస్సీ చేశానంకుల్.”

“మరి రాళ్ళ ఉజ్జోగం ఎవడూ ఇవ్వలేదేం?”

పెరుగన్నం నోట్లో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. గుండును కనిపెట్టిన వరంగల్ యువకుడు మాత్రం నామీద జాలిపడ్డాడు.

“అన్నా, గంత పెద్ద గుండు యాడికి వోతదే? మా ఊరి గుట్ట మీద గుండు మీద గుండు పేర్చినట్టు ఉంటయ్. మా తాత పుట్టకముందు నుంచి గట్లనే ఉన్నయ్. ఒక్కటన్న పడ్డదా?”

ఇదీ అసలు పొరపాటు. ఇది మావాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు. చిన్నప్పటి నుంచి గుండ్ల నీడన కూర్చుని, గుండ్ల మీద జారి, వాటి సందుల్లో దాక్కుని పెరిగినవాళ్ళం. మా ఎండుదేశంలో గుండ్ల కింది మట్టి ఏనాడో కొట్టుకుపోయింది. ఇప్పుడు రాయి రాతి మీద కూర్చుని ఉంది. వాన తక్కువ, కుళ్ళేది తక్కువ. మా కడప వైపు ఇళ్ళ కప్పులు సున్నపురాతి బండలే. నాపరాయి అంటాం. పసిపిల్లలను ఆ బండల కింద ధైర్యంగా పడుకోబెడతాం. అదే సున్నపురాయిని ఇక్కణ్ణుంచి ఉత్తరాన మలేషియాలో చూడండి. వాననీళ్ళు దాన్ని పూర్తిగా కరిగించి మోసుకుపోతాయి, బంకమట్టి కూడా పెద్దగా మిగల్చవు. మిగిలిన కొండలు గోడల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. అడుగున చిత్తడినేల నీళ్ళు మొదలును లోపలికి కొరికేస్తూ ఉంటాయి. చాలినంత కొరికాక పైభాగం ఒక్కసారిగా కూలుతుంది. సున్నపురాయి కరిగి పోతుంది, గ్రానైటు నిలబడ్డచోటే కుళ్ళుతుంది. రెండూ కూడా చివరిరోజు దాకా గట్టిగానే కనిపిస్తాయి. రాయి గట్టిదన్న నమ్మకాన్ని మేము ఎండుదేశం నుంచి తడిదేశానికి తెచ్చుకున్నాం. దేవుడి మీద నమ్మకం కంటే అది లోతైనది. నాస్తికుడినైన నాకూ అది ఉండేది, చదువే పోగొట్టింది.

ఇదంతా చెప్పబోయాను. సగం చెప్పేసరికి అంకుల్ భార్య పాయసం తెచ్చింది.

తిరిగి వస్తూ బస్సులో మా ఆవిడ కిటికీలోంచి వానను చూస్తూ అంది.

“నీకు కలొచ్చిందని చెప్పింటే అందరూ నిల్చిపోయేవాళ్ళు.”

“నువ్వూ?”

“నేనూ. కల నిజమని కాదు. ఎప్పుడూ అట్లా మాట చెప్పనోడు చెప్పినాడే అని.”

“అబద్ధమాడమంటావా?”

“పిల్లోళ్ళ కోసరం.”

నేను ఒప్పుకోలేదు. ఇవాళ నా కల విని ఆగినవాళ్ళు రేపు ఇంకొకడి కల విని సరిగ్గా ఆ గుండు కిందికే వెళ్తారు. కలకు తలవంచడం నేర్పినవాడు ఆ తర్వాత దేనికీ అడ్డం చెప్పలేడు. ఇది నేను సభల్లో చెప్పిన మాటే. బస్సు దిగేదాకా అదే మాట నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. స్వామి దయ అన్నారు. ఆవిడను ఆపలేకపోయాను, ఆమెతోపాటు నేనూ, అమ్మాయీ పడవెక్కాం.

చేరగానే సరాసరి గుండు వెనక్కి వెళ్ళాను. పోయినసారి వేళ్ళు పట్టిన చీలికలో ఇప్పుడు చెయ్యి మోచేతి దాకా దిగింది. లోపల తడి మట్టి చల్లగా తగిలింది. కింద అంచున ఎవరూ నీళ్ళు పోయకుండానే ఎర్రనీళ్ళు ఊరుతున్నాయి. చెయ్యి లాక్కుని పల్లం వైపు చూశాను. చాపలు పరిచేశారు. పులిహోర డబ్బాల చుట్టూ ఏడెనిమిదిమంది పిల్లలు. ఎర్ర గౌను వేసుకున్న మా అమ్మాయి అందరిలోకీ పైన, గుండుకు దగ్గరగా కూర్చుని ఆకులతో ఏదో కడుతోంది.

“పిల్లల్ని అక్కణ్ణుంచి లేపండి!” అని అరిచాను.

“అక్కడే కదండీ నీడ ఉంది,” అంది ఒక తల్లి.

“మొదలెట్టావా?” అన్నాడు అంకుల్. పంచె కట్టుకుని, చేతిలో బిందెతో ఉన్నాడు.

చీలిక చూపించాను. “అది మొదట్నుంచీ ఉందిగా,” అన్నారు. మట్టి పిసికి చూపించాను. “వానకి తడిసింది,” అన్నారు. ఫెల్స్పార్ అన్నాను. ఆ మాటతో ఇద్దరు ముగ్గురి ముఖాలు తలుపులేసినట్టు మూసుకుపోయాయి. ఆయన బిందె ఎత్తాడు. మావాళ్ళు వరసకట్టారు. ఆ వరసలో మా ఆవిడ ఉంది.

మా అమ్మాయిని ఒక్కదాన్ని ఎత్తుకుని పరుగెత్తవచ్చు. మిగతా పిల్లలో?

“అంకుల్, ఒక్క ప్రశ్న. ప్రదక్షిణకు దారి బాగా లేనప్పుడు శాస్త్రం ఏం చెయ్యమంది?”

“ఏ శాస్త్రం?”

“మీదే. నిలబడ్డచోటే తిరగమంది. ఆత్మప్రదక్షిణ అంది. పూజ చివర మీరు శ్లోకం చదువుతూ చేసేది అదేనా, కాదా?”

ఆయన బిందె దించలేదు గానీ, వంచనూ లేదు. “అదే.”

“కొండమీది దేవుడికి కొండ కిందనుంచి దండం పెడితే చెల్లుతుందా, చెల్లదా?”

“చెల్లుద్ది.”

“ఈ గాడిలో పెద్దవాళ్ళు జారితే కాలు విరుగుతుంది. పడవ దిగే జెట్టీ దారిలో చదునుగా ఉంది, స్వామి నిండుగా కనిపిస్తాడు. చాపలు కూడా అక్కడికే తెద్దాం. అక్కణ్ణుంచి చేద్దాం.”

“చేద్దామా?” ఆయన ఆ మాట పట్టుకున్నాడు. “నువ్వూనా?”

నవ్వులు. అంకుల్ అందరివైపూ తిరిగి, “ఆ శ్లోకం మొత్తం ఎవరికొచ్చు?” అని అడిగాడు. మొదటి పాదం దగ్గరే అందరూ ఆగిపోయారు. ఆయన కూడా.

“నీకొచ్చా?”

“వచ్చు.”

“అయితే నువ్వే చదువు. నువ్వు చదివితే వస్తాం.”

పందెం కాసినవాడి ముఖం పెట్టాడు. నేను చదవననే ఆయన ధీమా. నాకు తెలిసిన సభలన్నీ ఒక్కసారిగా నా ఎదుట కూర్చున్నట్టనిపించింది. పల్లంలో మా అమ్మాయి ఆకుల ఇంటికి కప్పు పెడుతోంది.

“నమ్మి చదవను. అది ముందే చెబుతున్నాను,” అన్నాను.

“నీ నమ్మకం ఎవడడిగాడయ్యా? ఉచ్చారణ బాగుంటే చాలు.”

చదివాను. ఖండించడానికి నేర్చుకున్న శ్లోకాన్ని, ఖండించే గొంతుతోనే, దీవి అవతలికి వినిపించేలా చదివాను. చదువుతూ జెట్టీ దారివైపు నడిచాను. ఈ వింత చూడటానికి పిల్లలు ముందుగా పరుగెత్తుకొచ్చారు. తల్లులు చాపలు చుట్టుకుని వెనకే వచ్చారు. చివరికి బిందెతో అంకుల్. చదునుగా ఉన్నచోట, గుండు నుంచి తగినంత దూరంలో ఆగాను. అందరూ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, నిలబడ్డచోట తిరిగారు. పిల్లలు కళ్ళు తిరిగి పడేదాకా తిరిగారు. మా ఆవిడ మెల్లగా, లెక్క తప్పకుండా తిరిగింది.

కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే. గుండునే చూస్తున్నాను. పడు, ఇప్పుడే పడు, వీళ్ళందరి కళ్ళముందు పడు అని నాలో ఎవరో అంటున్నారు. ఎవరైనా ఇంకా కిందే ఉండిపోయారేమోనని ఆ మాటకు నేనే బెదిరి పిల్లల తలలు లెక్కపెట్టుకున్నాను. మళ్ళీ పడమన్నాను. మళ్ళీ లెక్కపెట్టాను.

అది పడలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూనే ఆ దీవి వాళ్ళకు ఫోన్ చేసి, నా పేరే చెప్పి, గుండు సంగతి చెప్పాను. పసుపు సంగతి వాళ్ళడగలేదు. కొన్నాళ్ళకే మనుషులొచ్చి చూసి, గుండు చుట్టూ దూరంగా తాడు కట్టి హెచ్చరిక పలక పెట్టారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. జురాంగ్ వెస్ట్ దగ్గర ఇంకో కంపెనీలో తక్కువ జీతానికి చేరాను. అదీ స్వామి దయేనని మావాళ్ళు తేల్చారు. ఏం జరిగినా ఓడిపోని వాదన అది.

ఏడాదికి పైగా గడిచాక, ఒక సాయంత్రం పని నుంచి ట్రైన్‌లో తిరిగి వస్తుంటే, కంపెనీలో కొత్తగా చేరిన గుంటూరు అబ్బాయి పక్కన కూర్చున్నాడు. తాను కొత్తవాడు కదా, సింగపూర్ విశేషాలు నాకూ తెలియవేమోననుకుని అతనే చెప్పడం మొదలుపెట్టాడు.

“ఉబిన్ వెళ్ళారా సార్? అక్కడ స్వామి ఉన్నాడండి. కానీ దగ్గరికి పోకూడదు, తాడు దాటకూడదు. దూరంగా నిలబడి ఉన్నచోటే తిరగాలి. అక్కడి పద్ధతే అంతంట.”

“దాటితే?”

“పూర్వం ఒకాయన వెనకనుంచి చెయ్యి పెట్టాడంట. స్వామి కోపంతో కదిలాడంట సార్!”

“ఎవరాయన?”

“ఎవరో నాస్తికుడంటండి.”

ఏమనాలి? ఆ పద్ధతి పిల్లలను వాలు కింద కూర్చోకుండా ఆపుతోంది. ఊరుకుంటే సరిపోతుంది. కానీ కోపం మీద కట్టిన పద్ధతి ఎన్నాళ్ళుంటుంది? రేపెవరో స్వామి శాంతించాడంటారు. తాడు దాటుతారు. అప్పటికి వాన ఆగి ఉండదు, కింద మట్టి కుళ్ళడం ఆగి ఉండదు. సంచి ఒళ్ళోంచి దించి అతనివైపు తిరిగాను.

“చెయ్యి పెట్టింది నేనే. గుండు కదలలేదు. దాని కింద ఉన్నది రాయి కాదు, రాయి కుళ్ళిన మట్టి. ఎలా కుళ్ళుతుందో చెబుతాను, విను.”

నీళ్ళు, నెర్రెలు, పటికబెల్లం, అన్నీ చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు. చివర్లో తల ఊపాడు.

“అవునండి. అలా కూడా అంటారు.”

నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. లేవలేదు. “అలా కూడా అనడం కాదు నాయనా,” అని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.